బాలల చేతికి కెమెరా

బీదరు ఇంకను హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1955లో, భారత బాలల చలనచిత్ర సంస్థ వెలసింది. నాటి ఆశయం బాలలకు చిత్రాలు చూపుట; తీయుట పెద్దల పని. ముడి ఫిల్ము ఖరీదు అందుకొక కారణం. 16 మిల్లీమీటర్ల ఫిల్ము నూరడుగులు మూడు నిమిషాలైనా రాదు. ఒక్క షాటు చెడితే ఖర్చు మళ్లీ మొదటికి. పిల్లల చూపుపై పెద్దలకు నమ్మకం చాలకపోవడం మరొక కారణం. బహుశా పెద్దదీ అదే.

డిజిటల్ కెమెరాలు వచ్చాక మొదటి సాకు చెల్లలేదు. 2013లో హైదరాబాదున జరిగిన 18వ అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవంలో పిల్లలు తీసిన చిత్రాలకు ‘లిటిల్ డైరెక్టర్స్’ పేరిట ప్రత్యేక పోటీ విభాగం ఏర్పడింది. అందుకు 58 ఏళ్లు పట్టింది!

బీదరు విద్యార్థులు కథావస్తువు కొరకు దూరం పోనక్కరలేదు. మహమూద్ గవాను 1472లో కట్టించిన మదరసాకు నేడు మిగిలినది ఒక్క మీనారే. రెండవది 17వ శతాబ్ది చివర సంభవించిన ప్రేలుడులో కూలింది. నిలిచినదానిని ఏ కెమెరా అయినా పట్టగలదు. కూలినదానిని చూపుట ఎట్లు? బోసిపోయిన ఆ మూలపై కెమెరాను ఎంతసేపు నిలపాలి, అప్పుడు మాట వినిపించాలా, మౌనమా? పాఠ్యపుస్తకంలో ఇది లేదు. ఎనిమిదవ తరగతి పిల్లలే కూర్చుండి, వాదించుకొని తేల్చుకోవాలి.