మందపు పూతకు మందు

ప్లాస్టిక్ మోడళ్ళకు స్ప్రే కొట్టేవాళ్ళు చేసే మరమ్మతునంతా ఒక్క వాక్యంలోకి కుదిస్తే ఇలా వస్తుంది: "పూత మందమైతే ఆరనివ్వు, తడిపి రుద్దు, అంచులు కాపాడు, పలచగా మళ్ళీ కొట్టు, కాకపోతే కడిగెయ్యి." 1:72 స్కేలు స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాన్ని ఎదురుగా పెట్టుకుని ఈ వాక్యాన్ని ముక్క ముక్కగా విప్పుదాం.

పూత మందమైతే: అసలు స్పిట్‌ఫైర్ ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు 11.23 మీటర్లు. మోడల్లో అదే 15.6 సెంటీమీటర్లు. విమానమైతే చిన్నదైంది గానీ రంగు చిన్నదవదు కదా! మోడల్ మీద మిల్లీమీటరులో పదో వంతు మందాన పూత పడిందనుకోండి. 72తో గుణిస్తే 7.2 మిల్లీమీటర్లు. అసలు విమానానికి అంత మందాన రంగు దట్టించినట్టు లెక్క. రేకుల మధ్య గీతలు పూడిపోయి, యుద్ధవిమానం కాస్తా అరిగిన సబ్బుబిళ్ళలా కనిపించేది ఇందుకే. దీనిమీద ఇంకో కోటు కొడితే సర్దుకుంటుందనే ఆశ అన్నిటికంటే చెడ్డది. తప్పు ఎక్కడ జరిగిందో పూతే చెబుతుంది. ధార కట్టి కారిందంటే స్ప్రే క్యాను దగ్గరగా పట్టారు, లేదా చెయ్యి ఒకచోట ఆగింది. చేతికి గరగరలాడుతోందంటే మరీ దూరం నుంచి కొట్టారు. తుంపర గాల్లోనే సగం ఆరిపోయి పడింది. గుంటలు గుంటలుగా ఉంటే, దాన్నే ఆరెంజ్ పీల్ అంటారు, రంగు పడింది గానీ పరుచుకునే లోపే బిగుసుకుంది.

ఆరనివ్వు: కారిన రంగు కంటబడగానే వేలితో తుడవబోతాం. తుడిస్తే మచ్చ ఇంకా పెద్దదవుతుంది. రెక్క అంచున బొట్టు ఇంకా వేలాడుతుంటే టిష్యూ కొసతో ఆ బొట్టును తాకి పీల్చెయ్యవచ్చు, అంతవరకే. పైన ఆరినట్టున్నా మందపు పూత అడుగున థిన్నర్ మిగిలే ఉంటుంది. మోడల్‌ను ముక్కు దగ్గర పెట్టుకోండి: వాసన వస్తోందంటే ఇంకా ఆరలేదు. లాకర్ రంగులు త్వరగానే దారికొస్తాయి, ఎనామెల్‌కు చాలా ఓపిక కావాలి.

తడిపి రుద్దు: పనంతా ఇక్కడే. 1000 నంబరు వాటర్ పేపర్‌ను తపాలా బిళ్ళంత కత్తిరించి, ఐస్‌క్రీమ్ పుల్లకు చుట్టండి. వేలితో రుద్దితే వేలి ఒంపే పూతలోనూ దిగుతుంది. పుల్ల చదునుగా ఉంటుంది, ఎత్తుగా ఉన్నచోటే తగులుతుంది. గిన్నెలో నీళ్ళు, అందులో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు. కాగితాన్ని ముంచి, ధారకు అడ్డంగా, బరువు మోపకుండా రుద్దాలి. నీళ్ళు రంగు తేలగానే తుడిచి, రెక్కను లైటుకు ఏటవాలుగా పట్టి చూడండి. కాగితం తగిలిన మేర ఒక తీరుగా, అందని గుంటలు ఇంకో తీరుగా కనిపిస్తాయి. ఆ తేడా పోయిందంటే చదునైనట్టే. ఒక్కోసారి తేడా పోయేలోపే రంగు అడుగున వేసిన ప్రైమర్ బయటపడుతుంది, పడనివ్వండి. మళ్ళీ రంగు ఎలాగూ వెయ్యాలి. తర్వాత 1500, ఆపైన 2000 నంబరుతో ముందటి గీతలు పోగొట్టాలి. రేకుల గీతల్లో ఇరుక్కున్న రంగును గుండుసూది మొనతో మెల్లగా లాగెయ్యాలి. పొడిగా రుద్దితే కాగితం రంగుతో పూడుకుపోతుంది, ఆ దుమ్ము ముక్కులోకీ వెళ్తుంది.

అంచులు కాపాడు: అంచు మీద రంగు ఎప్పుడూ పలచనే, కాగితం ఒత్తిడి మాత్రం అక్కడే ఎక్కువ. అంచుకు మాస్కింగ్ టేప్ అంటించి, దాని పక్కన ఒక మిల్లీమీటరు రుద్దకుండా వదిలెయ్యండి.

పలచగా మళ్ళీ కొట్టు: క్యానును గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే తుంపర సన్నగా వస్తుంది. పొయ్యి మీద పెట్టడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, లోపల మండే వాయువుంటుంది. 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి, రెక్క బయట మొదలుపెట్టి రెక్క దాటాకే మీట వదలాలి. మొదటి కోటులో అడుగు రంగు కనిపించినా కంగారుపడకండి. విశాఖ, కాకినాడ వైపు వానాకాలంలో ఇంకో చిక్కు: థిన్నర్ ఎగిరిపోతూ పూతను చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దానిమీద చేరి రంగు తెల్లబారుతుంది. పొడి వాతావరణం వచ్చేదాకా క్యాను ముట్టకపోవడమే మేలు.

కాకపోతే కడిగెయ్యి: గీతలన్నీ పూడిపోయాక రుద్దుతూ కూర్చోవడం దండగ. ముందు అద్దంలా ఉండే పారదర్శక ముక్కలు తీసి పక్కన పెట్టండి. అక్రిలిక్ అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలావరకు ఊడొస్తుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్, గోళ్ళరంగు చెరిపే అసిటోన్ జోలికి వెళ్ళొద్దు. రంగుతోపాటు పాలీస్టైరీన్ ప్లాస్టిక్ కూడా కరిగిపోతుంది. ఏ ద్రవమైనా ముందు కిట్ ఫ్రేములో మిగిలిన ప్లాస్టిక్ ముక్క మీద వేసి చూడటం మంచిది. కడిగాక అతుకులు ఒకసారి నొక్కి చూసి, వదులైనచోట మళ్ళీ జిగురు పెట్టి, అప్పుడే ప్రైమర్ క్యాను అందుకోండి.