కోలార్ బంగారు గనుల పట్టణం

కోలార్ బంగారు గనుల పట్టణం కర్ణాటకలోని కోలారు జిల్లాలో, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు దగ్గరగా ఉంది. కె.జి.ఎఫ్. అన్న పొడి పేరే ఎక్కువ వాడుక. తమిళం, తెలుగు, కన్నడం కలగలిసి వినిపించే ఈ ఊరు బంగారు వేట వల్ల పుట్టిందని చెప్పడం పరిపాటి. ఆ మాట సగమే నిజం. 1849 నాటి కాలిఫోర్నియా బంగారు వేటలో పళ్ళెం చేతపట్టిన ఎవరైనా ఏటి ఇసుక కడిగి అదృష్టం పరీక్షించుకోగలిగారు. కోలారులో బంగారం పలుగురాయి చారల్లో ఇరుక్కుని భూమి లోతుల్లోకి దిగిపోయింది. దాన్ని తీయాలంటే యంత్రాలు, భారీ పెట్టుబడి, వేలమంది కూలీలు కావాలి. అందుకే ఇది వేటగాళ్ళ ఊరు కాలేదు, కంపెనీ ఊరైంది. దీని వైభవానికీ, ఇప్పటి స్థితికీ మూలం అక్కడే ఉంది.

పంతొమ్మిదో శతాబ్ది మొదట్లో ఇక్కడి మారికుప్పం దగ్గర గ్రామస్తులు మట్టి కడిగి బంగారం తీయడాన్ని జాన్ వారెన్ అనే సైనికాధికారి నమోదు చేశాడు. 1870ల్లో మైకేల్ లావెల్ అనే మాజీ సైనికుడు మైసూరు సంస్థానం నుంచి తవ్వకాల హక్కు పొందాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ కంపెనీ రంగంలోకి దిగింది. మరి వేట జరగనే లేదా అంటే, జరిగింది. కాని లండన్ షేర్ల బజారులో. కూలీలకు అందులో భాగం లేదు. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చినవారిలో అధికులు దళితులు. దొరలకు బంగళాలు, క్లబ్బు. కూలీలకు వెదురు తడికెల గుడిసెల వరసలు. 1902లో శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్ల తీగ లాగి గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధి దీపాలు సైతం వెలిగింది ఆ తర్వాతే, 1905లో. 1930లో, వేలిముద్రలు ఇచ్చి తీరాలన్న నిబంధనకు వ్యతిరేకంగా కార్మికులు సమ్మె కట్టారు. బంగారం తవ్వే చేతినే దొంగచేతిగా చూసిన యాజమాన్యానికి అది వారి జవాబు.

ఖనిజం తరిగితే గని మూతపడక తప్పదు కదా అని కొందరంటారు. అందులో నిజముంది. తొలినాళ్ళలో టన్ను రాతికి 40 గ్రాములకు పైగా దొరికిన బంగారం చివరికి మూడు నాలుగు గ్రాములకు పడిపోయింది. తవ్వకం మూడు కిలోమీటర్లు దాటి, రాళ్ళు పేలే ప్రమాదమూ, ఉడికించే వేడీ పెరిగాయి. అయితే లెక్క అంతటితో ఆగదు. 1956లో గనులు ప్రభుత్వపరమయ్యాక, చాలాకాలం బంగారాన్ని దేశీయ బజారు ధరకు కాక, అంతకంటే తక్కువైన అంతర్జాతీయ అధికారిక ధరకు కేంద్రానికి ఇవ్వాల్సి వచ్చింది. నష్టాల్లో ఈ పద్ధతి వాటా కూడా ఉంది. 1972లో ఏర్పడ్డ భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న తవ్వకాలు ఆపింది. అప్పటిదాకా తీసిన బంగారం సుమారు 800 టన్నులు.

ఒక్క సరుకునే నమ్ముకున్న ఊళ్ళన్నీ ఇంతేనన్న వాదనకు ఆంధ్రప్రదేశ్‌లోని అనకాపల్లి జవాబు చెబుతుంది. అక్కడి సరుకు బెల్లం. చెరకు రైతు తన పొలం దగ్గరే రసం కాచి, దిమ్మలు పోసి, మార్కెట్ యార్డుకు తెస్తాడు. వర్తకులు వేలం పాడతారు. చెరకు సాగు తగ్గినా, చక్కెర మిల్లు మూతపడ్డా ఊరు ఖాళీ కాలేదు; 2022లో జిల్లా కేంద్రమైంది. భూమి, బట్టీ, వ్యాపారం వేరువేరు చేతుల్లో ఉండటం అందుకు పెద్ద కారణం. కె.జి.ఎఫ్.లో గని, ఇల్లు, నీళ్ళు, ఆసుపత్రి అన్నీ ఒకే యజమానివి. కంపెనీ వెళ్ళిపోగానే ఒక్కసారిగా అన్నీ పోయాయి.

అయినా ఊరు చావలేదు. 1964లో ఏర్పడ్డ ప్రభుత్వ రంగ యంత్రాల సంస్థ బి.ఇ.ఎం.ఎల్. ఇక్కడి కర్మాగారం కొందరికి బతుకునిచ్చింది. మిగిలినవారిలో చాలామంది తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు వెళ్ళి, రాత్రికి తిరిగొస్తారు. ఊళ్ళోని రాబర్ట్‌సన్‌పేట బజారు ఇప్పటికీ సందడిగానే ఉంది. బంగారం తీశాక పారబోసిన రాతిపొడితో ఊరి పక్కన కొండల్లా నిలిచిన సైనైడ్ దిబ్బల నుంచి ఎండాకాలపు గాలికి తెల్లటి దుమ్ము ఇళ్ళ మీదికి లేస్తుంది. ఆ దిబ్బల్లో మిగిలిన బంగారాన్ని మళ్ళీ తీయాలన్న ప్రతిపాదనలు వస్తూనే ఉన్నాయి. అవి ఫలించినా, లాభంలో ఊరికి వాటా లేకపోతే జరిగేది పాత చరిత్రే.