కందుకూరి వారి ఇల్లు, రాజ్యలక్ష్మమ్మ గారి బిందె

ఇంటిపేర్లలో చాలావరకు వదిలేసి వచ్చిన ఊళ్లే. కందుకూరి వారిదీ అంతే. కందుకూరు నుంచి ఏనాడో కదిలి రాజమండ్రి చేరిన కుటుంబం అది. ఆ కుటుంబంలో 1848 ఏప్రిల్ 16న వీరేశలింగం పుట్టారు. నాలుగేళ్లకే తండ్రి సుబ్బరాయుడు పోతే, పెదతండ్రి వెంకటరత్నం పెంచారు.

రాజమండ్రిలో ఆయన పుట్టిన ఇంటిని ఇప్పటికీ కాపాడుతున్నారు. అందరూ దాన్ని ‘జన్మగృహం’ అంటారు. ఆ మాట నాకు చాలదనిపిస్తుంది. పుట్టడం అన్ని ఇళ్లలోనూ జరిగేదే. ఆ ఇంటివాళ్లు ఆ తర్వాత ఊరితో ఏం తగాదా పెట్టుకున్నారన్నదే అసలు చరిత్ర.

ముందు ఊరి సంగతి చూద్దాం. పంతులుగారు పుట్టేనాటికి ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పని నడుస్తోంది. 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలవలు, పంటలు, డబ్బు, వాటి వెనకే కచేరీలు, బడులు వచ్చాయి. 1853లో పెట్టిన బడి ఇరవై ఏళ్లకు కాలేజీ అయింది. 1900లో గోదావరి మీద హేవలాక్ వంతెన మీదుగా రైళ్లు నడిచాయి. 1901 జనాభా లెక్కల్లో ఊరు 36 వేలు. 2011కి సుమారు 3.4 లక్షలు. అంటే పంతులుగారిది ఊరితోపాటు పెరిగిన తరం. ఇంగ్లీషు చదువు, సర్కారు కొలువు, అచ్చుయంత్రం అన్నీ వాళ్ల కళ్లముందే వచ్చాయి.

ఆయన బతుకుతెరువు బడిపంతులు ఉద్యోగమే. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల కోసం బడి పెట్టారు. అదే ఏడాది ‘వివేకవర్ధని’ పత్రిక మొదలైంది. మొదట మద్రాసులో అచ్చు వేయించి, తర్వాత రాజమండ్రిలోనే ప్రెస్ పెట్టుకున్నారు. లంచాలు, బోగం మేళాలు, బాల్యవివాహాలు అన్నిటి మీదా రాశారు. అంతవరకు ఊరు తిట్టుకుంది, నవ్వుకుంది, కానీ చదివింది. రాతలు రాతల్లాగే ఉన్నంతకాలం ఎవరికీ పెద్ద ఇబ్బంది లేదు.

1881 డిసెంబరు 11 రాత్రి పంతులుగారి ఇంట్లో గోగులపాటి శ్రీరాములుకి, గౌరమ్మ అనే బాలవితంతువుకి పెళ్లి జరిగింది. ఖర్చుకి కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య సాయం. కాపలాకి కాలేజీ విద్యార్థులు. ఊళ్లో వెలి మాటలు మొదలయ్యాయి. పీఠాధిపతి నుంచి శ్రీముఖాలు వచ్చాయి. మొదట అండగా నిలబడ్డవాళ్లలో కొందరు ప్రాయశ్చిత్తాలు చేసుకుని పక్కకి తప్పుకున్నారు.

ఇక్కడే ఇంటి చరిత్ర వీధిలోంచి వంటింట్లోకి వెళుతుంది. వెలి అంటే పెద్ద సభలో తీర్మానం చదవడం మాత్రమే కాదు. పొద్దున్నే వంటమనిషి రాకపోవడం. నీళ్లు మోసేవాళ్లు గడప తొక్కకపోవడం. ఆ రోజుల్లో కొళాయి లేదు. గోదారికి నడిచి వెళ్లి తెచ్చుకోవాలి. ఆ బిందె ఎత్తుకున్నది పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు. వంటా ఆవిడే చేసింది. పెళ్లివారికి, కాపలా కాసిన కుర్రాళ్లకు, ఇంట్లో తలదాచుకున్న వితంతువులకు.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా పనిలో కొత్త ఫీచర్ విడుదలైన రోజు కేకు కోస్తారు. అర్ధరాత్రి సర్వర్ పడిపోకుండా చూసుకున్న మనిషి పేరు ఆ మెయిల్లో ఉండదు. సంస్కరణ చరిత్రలూ ఇలాగే రాశారు. పెళ్లి తారీఖు ఉంటుంది, ఉపన్యాసం ఉంటుంది. ఆ మర్నాటి నీళ్లు ఎవరు తెచ్చారన్నది మాత్రం ఒక వాక్యంలో తేలిపోతుంది. ఆ నీళ్లు రాకపోతే రెండో పెళ్లి జరిగేది కాదు కదా!

ఈ మాట పంతులుగారి గొప్ప తగ్గించడానికి అనడం లేదు. పెళ్లిళ్లు చేసి ఊరుకోకుండా, ఆ తర్వాత కొన్ని జంటల సంసార ఖర్చులు కూడా ఆయన మోశారు. అప్పులు చేశారు. ‘స్వీయచరిత్ర’లో వాళ్ల మీద విసుక్కున్నారు కూడా. ఆ విసుగు నాకు ఇష్టం. మహాపురుషుల విగ్రహాలకు విసుగు ఉండదు, ఇల్లు నడిపేవాళ్లకు ఉంటుంది.

దంపతులకు పిల్లల్లేరు. తాను పెట్టిన హితకారిణీ సమాజానికి పంతులుగారు తన ఆస్తి రాసిచ్చేశారు. 1910లో రాజ్యలక్ష్మమ్మ గారు, 1919 మే 27న మద్రాసులో పంతులుగారు పోయారు. మన ఊళ్లలో పాతిళ్లు ఎలా పోతున్నాయో తెలిసిందే. అన్నదమ్ముల పంపకాలు, మధ్యలో గోడ, తర్వాత బిల్డర్‌తో ఒప్పందం, చివరికి తాతగారి పేరుతో ఒక అపార్ట్‌మెంట్. పెరిగే ఊళ్లో స్థలం ధర ముందు జ్ఞాపకం నిలబడదు. అలా చేసేవాళ్లని తప్పుపట్టడం తేలిక. పిల్లల చదువులకీ ఆస్పత్రి ఖర్చులకీ వేరే దారి లేనివాళ్లే వాళ్లలో ఎక్కువమంది.

అందుకే ఒక ఇల్లు మిగిలినప్పుడు దాన్ని ఏ పేరుతో పిలుస్తామన్నది ముఖ్యం. ‘జన్మగృహం’ అంటే ఒక మగబిడ్డ పుట్టిన చోటు, అంతే. ఆ పేరులో 1881 లేదు. గౌరమ్మ లేదు. గోదారి ఒడ్డు నుంచి నిండు బిందెతో నడిచొచ్చిన ఆవిడా లేదు. రాజమండ్రి వెళితే ఆ ఇల్లు చూడండి. గోడలు, దూలాలు చూశాక అక్కణ్ణుంచి గోదావరి దాకా నడవండి. బిందె ఖాళీగా ఉన్నా సరే, చేతిలో ఒకటి ఉందనుకుని నడిస్తే ఆ ఇంటి చరిత్ర కొంచెం బరువుగా తెలుస్తుంది.