విశాఖ రేవులోని గడము

రాయచూరు నుండి సముద్రతీరము ఎంత దూరమో టైంటేబులు చూచి చెప్పగలవారము మేము. అయినను పోయిన ఉగాదినాడు కల్లూరులో ఒక చిన్నవాని ముందు నోరు మెదపలేకపోయినాము. ఇచ్చటనే పుట్టి పెరిగిన ఆ బాలుడు బొమ్మల పుస్తకములో డాల్ఫినును చూపి, “మామయ్యా, దీన్ని తెలుగులో ఏమంటారు?” అని అడిగినాడు. “పెద్ద చేప” అని తప్పించుకొన్నాము. అది చేప కానే కాదు. గాలి పీల్చి, పిల్లకు పాలిచ్చే జంతువు.

జవాబు చరిత్రలో దొరికినది. ఉత్తర సర్కారుల కమిషనరుగా పనిచేసిన వాల్టర్ ఇలియట్ దొరను అమరావతి శిల్పముల మూలమున మనవారు ఎరుగుదురు. అంతకు పూర్వము ధారవాడ ప్రాంతమున కన్నడ శాసనములు సేకరించినవాడు కూడ ఆయనే. 1852 ప్రాంతమున విశాఖపట్టణములో దొరికిన సముద్ర జంతువులను ఆయన పరిశీలించి, ఆ సామగ్రిని లండనుకు చేర్చినాడు. ‘డైనోసారు’ అను మాటను పుట్టించిన రిచర్డ్ ఓవెన్ పండితుడు 1866లో వాటిని వర్ణించి, ఒకదానికి ‘డెల్ఫైనస్ గడము’ అని పేరు పెట్టినాడు. గడము మన జాలరుల మాట! మచ్చలున్న మరొక దానిని వారు ‘బొల్ల గడిమి’ అనేవారట. లాటిను పక్కన తెలుగు మాట కూర్చున్నది చూచి మేము కుర్చీలోనుండి లేచినాము.

ఆ పేరు నిలువలేదు. గడము వేరు జాతి కాదని తరువాతివారు తేల్చి, మరొక పేరులో కలిపివేసినారు. విశాఖ రేవులో 1852లో దొరికిన గుండ్రని తల జంతువు సంగతి ఇంకను వింత. దానిని వర్ణించినది ఓవెనే, దొరికినది మన రేవులోనే. లోకము పిలుచునది మాత్రము బర్మా నది పేరున, ఇరావతి డాల్ఫిను అని. ఊరు విడిచివచ్చిన మనకు ఈ తీరు కొత్త కాదు.

ఇప్పుడు ఒడిశాలోని చిలికా సరస్సులో ఇవి సుమారు 150 మాత్రమే. 2017 నుండి అంతర్జాతీయ పట్టికలో ఆపదలోనున్న జాతిగా చేరినది. చంపుట నేరమని చట్టమున్నది. అయితే వలకు చట్టము తెలియదు. వలలో చిక్కినది పైకి వచ్చి ఊపిరి తీయలేక నీటిలోనే ఉక్కిరిబిక్కిరియై చచ్చును. వెనుకటి నూలువల చివికిపోయేది, నైలాను వల చివకదు. జాలరిని నిందించుటకు మాకు మనసొప్పదు; ఆ పేరును మనకు మిగిల్చినవాడు అతడే గదా.

ఇంగ్లీషు అక్షరములలో చూచి మేము ‘గడము’ అని చదువుకొన్నాము. విశాఖ, భీమిలి వైపు చుట్టములున్నవారు ఈ వేసవికి వెళ్లినప్పుడు, జాలరిపేట పెద్దలను అడిగి సరియైన పలుకు తెలుసుకొని రండి. ఆ చిన్నవానికి చెప్పవలసియున్నది.