పాత డెస్క్‌టాప్‌కు మరలిక: గ్నోమ్, కేడీఈల చరిత్రలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

సాఫ్ట్‌వేర్ చరిత్రను సాధారణంగా విడుదలల వరుసగా రాస్తారు. ఒక వెర్షన్ తరువాత మరొకటి వస్తుంది. ప్రతి కొత్తదీ పాతదాన్ని దాటినదే అన్న భావన ఆ వరుసలోనే ఇమిడి ఉంటుంది. ఇటువంటి చరిత్రలో వెనుదిరిగిన వారికి చోటు దొరకదు. దొరికినా, మార్పును ఓర్వలేని వారిగానో, పాత చింతకాయ పచ్చడిని పట్టుకు వేలాడే వారిగానో కనిపిస్తారు. కాని 2008 తరువాతి లైనక్స్ డెస్క్‌టాప్ చరిత్రలో వెనుదిరగడం వ్యక్తిగత అభిరుచి స్థాయిలో ఆగిపోలేదు. దాని నుంచి కొత్త ప్రాజెక్టులు పుట్టాయి. పెద్ద సంస్థల నిర్ణయాలు మారాయి. ఆ మరలిక ఎలా సాధ్యమైంది, అందుకు ఎటువంటి శ్రమ అవసరమైంది, చివరకు దక్కినది నిజంగా పాతదేనా అన్న ప్రశ్నలు ఈ వ్యాసానికి విషయం.

డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటే తెరమీద కనిపించే బొమ్మల అమరిక మాత్రమే కాదు. మెనూలు, ప్యానెళ్లు, విండోలను అమర్చే ప్రోగ్రామ్, ఫైల్ మేనేజర్, సెట్టింగులను భద్రపరిచే వ్యవస్థ, వీటన్నిటికీ ఆధారమైన లైబ్రరీలు కలిసి ఒక డెస్క్‌టాప్ అవుతుంది. విండోస్‌లో ఇది ఆపరేటింగ్ సిస్టమ్‌లో అంతర్భాగం. లైనక్స్‌లో మాత్రం కెర్నల్‌తో నిమిత్తం లేకుండా డెస్క్‌టాప్‌ను మార్చుకోవచ్చు. ఈ వ్యాసంలో చర్చించే పరిణామాలన్నిటికీ ఆ వెసులుబాటే పునాది.

పాతదిగా మారకముందు

1996 అక్టోబరు 14న జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ విద్యార్థి మథియాస్ ఎట్రిచ్ కేడీఈ ప్రాజెక్టును ప్రకటించాడు. అది ట్రోల్‌టెక్ సంస్థ రూపొందించిన క్యూటీ లైబ్రరీపై ఆధారపడింది. అప్పటి క్యూటీ లైసెన్స్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాలకు లోబడినది కాదు. ఈ అభ్యంతరం నుంచే 1997 ఆగస్టులో మిగేల్ దె ఇకాసా, ఫెదెరికో మెనా కలిసి గ్నోమ్‌ను ఆరంభించారు. లైసెన్స్ గురించిన ఆ తొలి పట్టుదల పదిహేనేళ్ల తరువాత గ్నోమ్‌ను కాదన్నవారికే అక్కరకు రావడం ఈ చరిత్రలోని విచిత్రాలలో ఒకటి.

2002 జూన్‌లో వెలువడిన గ్నోమ్ 2 తరువాతి కాలంలో పాత మంచి డెస్క్‌టాప్‌గా పేరు తెచ్చుకుంది. పైన ఒక ప్యానెల్, అందులో అప్లికేషన్లు, స్థలాలు, సిస్టమ్ అనే మూడు మెనూలు. కింద మరో ప్యానెల్, అందులో తెరిచిన విండోల వరుస. ఈ రూపం చాలామంది వాడుకరుల చేతికి ఎంతగా అలవాటైందంటే, అది ఒకప్పుడు వివాదాస్పదమైన కొత్త రూపమన్న సంగతి మరుగున పడింది. 2001లో సన్ మైక్రోసిస్టమ్స్ జరిపిన వినియోగ పరిశీలన తరువాత గ్నోమ్ బృందం రూపకల్పన మార్గదర్శకాలను రాసుకుంది. ప్రతి అదనపు సెట్టింగుకూ ఒక మూల్యం ఉంటుందని హావోక్ పెన్నింగ్టన్ వాదించాడు. ఫలితంగా అంతకుముందు గ్నోమ్ 1లో ఉన్న అనేక ఐచ్ఛికాలు గ్నోమ్ 2లో కనిపించకుండా పోయాయి. వాడుకరులను తెలివితక్కువ వారిగా లెక్కగడుతున్నారన్న నింద అప్పుడే మొదలైంది. లైనక్స్ కెర్నల్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ 2005లో గ్నోమ్‌ను ఘాటుగా విమర్శించి, కేడీఈని వాడమని సలహా ఇచ్చాడు.

గ్నోమ్ 2 లోపల కూడా ఒక చిన్న మరలిక జరిగింది. 2004 మార్చిలో వచ్చిన 2.6 వెర్షన్‌లో నాటిలస్ ఫైల్ మేనేజర్ ప్రతి ఫోల్డర్‌నూ విడి విండోలో తెరవడం ప్రారంభించింది. ఆరేళ్లకు, 2010లో వచ్చిన 2.30లో, ఒకే విండోలో ఫోల్డర్లన్నీ చూసే పాత పద్ధతి మళ్లీ సహజ ఎంపిక అయింది. కాబట్టి 2011లో ప్రజలు తిరిగి కోరుకున్న గ్నోమ్ 2 ఎనిమిదేళ్లపాటు ఆరు నెలలకోసారి సవరణలు పొందుతూ నునుపుదేరిన రూపం. 2002 నాటి గ్నోమ్ 2ను తిరిగి కోరినవారు లేరనే చెప్పాలి.

2008: కేడీఈ 4, ట్రినిటీ

మొదటి పెద్ద చీలిక కేడీఈ పక్షాన ఏర్పడింది. 2008 జనవరి 11న కేడీఈ 4.0 విడుదలైంది. క్యూటీ 4 ఆధారంగా ప్యానెల్, డెస్క్‌టాప్ భాగాలను కొత్తగా రాశారు. 4.0 ప్రధానంగా డెవలపర్లకూ తొలి ప్రయోగశీలులకూ ఉద్దేశించినదని రూపకర్తలు చెప్పినా, విడుదల అన్న మాటకు వాడుకరులు ఇచ్చుకునే అర్థం వేరు. అదే ఏడాది మే నెలలో ఫెడోరా 9 కేడీఈ 4.0తో వెలువడింది. డెబియన్ మాత్రం 2009 ఫిబ్రవరి నాటి తన 5వ విడుదలలో కేడీఈ 3.5.10నే ఉంచింది. టోర్వాల్డ్స్ ఈ దశలో కేడీఈని వదిలి, తాను కొన్నేళ్ల కిందట దుయ్యబట్టిన గ్నోమ్‌కు మారాడు.

కేడీఈ 3.5ను వదలలేని వారి కోసం టిమోతీ పియర్సన్ నాయకత్వంలో ట్రినిటీ డెస్క్‌టాప్ 2010లో రూపు దిద్దుకుంది. కాని పాత కేడీఈని నిలబెట్టాలంటే దాని కింద ఉన్న క్యూటీ 3 కూడా నిలవాలి. ఆ లైబ్రరీకి దాని యజమానుల మద్దతు అప్పటికే ముగిసింది. అందువల్ల ట్రినిటీ బృందం దాన్ని కూడా స్వీకరించి, వేరే పేరుతో తానే నిర్వహించవలసి వచ్చింది. పైకప్పు నచ్చి ఇల్లు తీసుకున్నవారు పునాదిని కూడా మోయవలసి రావడం వంటిదిది.

2011: గ్నోమ్ 3, మాటే

2008లో బోస్టన్‌లో జరిగిన రూపకల్పన సమావేశంలో మొలకెత్తిన ఆలోచనలు 2011 ఏప్రిల్ 6న గ్నోమ్ 3గా బయటికి వచ్చాయి. కింది ప్యానెల్ లేదు. మెనూల స్థానంలో ‘యాక్టివిటీస్’ అన్న ఒకే మీట. విండోలను చిన్నవి చేసే, పెద్దవి చేసే బొత్తాములు మాయమయ్యాయి. తొలి వెర్షన్‌లో కంప్యూటర్‌ను ఆపివేసే ఆదేశం ఆల్ట్ మీటను నొక్కి పట్టుకుంటే తప్ప మెనూలో కనిపించేది కాదు. త్రీడీ గ్రాఫిక్స్ సామర్థ్యం లేని యంత్రాలకు ప్రత్యామ్నాయ రూపం ఒకటి ఇచ్చారు గాని, 2013 మార్చి నాటి 3.8లో దాన్నీ తొలగించారు. ఉబుంటు సైతం ఆ 2011 ఏప్రిల్‌లోనే తన సొంత యూనిటీని ముందుకు తెచ్చింది. ఒకే నెలలో రెండు ప్రధాన మార్గాల్లోనూ పాత రూపం వెనక్కి పోయింది.

రూపకర్తల పక్షాన న్యాయం లేకపోలేదు. గ్నోమ్ 2 అడుగున ఉన్న బొనోబో వంటి లైబ్రరీలు శిథిలమయ్యాయి. వాటిని నిర్వహించేవారు కరవయ్యారు. కాని లోపలి మరమ్మతుకూ బయటి రూపాన్ని తిరగరాయడానికీ అవినాభావ సంబంధం లేదు. ఈ రెండింటినీ ఒకే విడుదలలో ముడివేయడం వల్లనే, రూపం నచ్చని వాడుకరి లోపలి మరమ్మతును కూడా తిరస్కరించవలసిన స్థితి ఏర్పడిందని చెప్పవచ్చు.

ఆ ఏడాదే అర్జెంటీనాకు చెందిన ఒక ఆర్చ్ లైనక్స్ వాడుకరి గ్నోమ్ 2 సోర్స్‌కోడ్‌ను తీసుకుని మాటే అనే ప్రాజెక్టును ప్రారంభించాడు. ఆ పేరు దక్షిణ అమెరికాలో తాగే యెర్బా మాటే పానీయానిది. మొదటి పని కొత్త కోడ్ రాయడం కాదు, పేర్లు మార్చడం. గ్నోమ్ 2, గ్నోమ్ 3 భాగాల పేర్లు అనేకం ఒకటే కావడంతో రెండూ ఒకే యంత్రంలో ఇమడలేవు. అందుకే నాటిలస్ ‘కాహా’ అయింది. స్పానిష్‌లో పెట్టె అని అర్థం. జీఎడిట్ ‘ప్లూమా’, అంటే ఈక, కలం. పత్రాలు చదివే ఎవిన్స్ ‘అత్రిల్’, అంటే పుస్తకపీఠం. మెటాసిటీ ‘మార్కో’, అంటే చట్రం. ఉన్నదాన్ని ఉన్నట్లు ఉంచుకోవడానికి మొదట చేయవలసినది దాని పేరు చెరిపివేయడం!

అనువాదాల సంగతి కూడా ఇక్కడ గమనించాలి. ఈ డెస్క్‌టాప్‌లలో తెలుగు సహా ఏ భాషా రూపమైనా ఇంగ్లీషు మూలవాక్యానికి జతగా అనువాద ఫైలులో నమోదవుతుంది. మూలవాక్యం మారితే పాత జత చెల్లదు. అనువాదకుడు మళ్లీ చూడాలి, లేకుంటే తెరమీద ఆ మాట ఇంగ్లీషులోనే మిగులుతుంది. తెరను తిరగరాసిన ప్రతిసారీ చిన్న అనువాద బృందాల పని కొంత వృథా అవుతుందన్నమాట. మాటే మాత్రం గ్నోమ్ 2 నాటి తెలుగు ఫైళ్లను మిగతా భాషల వాటితో పాటు వారసత్వంగా పొందింది. స్వచ్ఛంద అనువాదకుల మీద ఆధారపడే భాషకు ఇది చిన్న విషయం కాదు.

పాత కోడ్, పాత రూపం

లైనక్స్ మింట్ సంస్థాపకుడు క్లెమెంట్ లెఫెబ్వ్ర్ ఎంచుకున్న దారి వేరు. 2011 నవంబరులో వచ్చిన మింట్ 12లో మాటేకు చోటిచ్చినా, దాని తరువాత ఆయన బృందం గ్నోమ్ 3 కోడ్‌నే తీసుకుని దానిపై పాత అమరికను కట్టి సినమన్ అని పేరు పెట్టింది. మాటే కాపాడినది పాత కోడ్‌ను. సినమన్ కాపాడినది పాత అలవాటును. టోర్వాల్డ్స్ ఈ రెండింటి జోలికీ పోకుండా ఎక్స్‌ఎఫ్‌సీఈకి మారి, కొంతకాలానికి ఎక్స్‌టెన్షన్ల సాయంతో మళ్లీ గ్నోమ్ 3కే చేరాడు.

గ్నోమ్ కూడా తలొగ్గింది. ప్రత్యామ్నాయ రూపాన్ని తొలగించిన 3.8లోనే ఎక్స్‌టెన్షన్లతో కూర్చిన ‘క్లాసిక్’ రూపాన్ని చేర్చింది. 2014 జూన్‌లో విడుదలైన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7 ఆ క్లాసిక్‌నే సహజ ఎంపికగా ఉంచింది. కార్యాలయాలకు అమ్మే ఉత్పత్తి కనుక అలవాటుకు అక్కడ వెల ఎక్కువ. 2019 నాటి 8వ వెర్షన్‌లో గాని ఆ సంస్థ కొత్త రూపాన్ని ముందుకు తేలేదు. ఈలోగా 2017 ఏప్రిల్‌లో మార్క్ షటిల్‌వర్త్ యూనిటీని విరమిస్తున్నట్లు ప్రకటించగా, అదే అక్టోబరులో ఉబుంటు 17.10 గ్నోమ్‌తో వచ్చింది. ఆరేళ్ల తరువాత ఉబుంటు గ్నోమ్‌కు తిరిగి వచ్చింది, అయితే తాను వదిలిన గ్నోమ్‌కు కాదు.

విండోస్ వాడుకరుల అనుభవంతో పోల్చితే తేడా స్పష్టమవుతుంది. 2012 అక్టోబరు 26న వచ్చిన విండోస్ 8 స్టార్ట్ బొత్తామును తీసివేసింది. 2013లో 8.1 బొత్తామును మాత్రమే తిరిగి ఇచ్చింది. మెనూ కోసం 2015 జులైలో విండోస్ 10 వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. క్లాసిక్ షెల్ వంటి ఉచిత ప్రోగ్రాములు పైపూతగా పాత మెనూను చూపగలిగాయి గాని, విండోస్ 7 కోడ్‌ను తీసుకుని కొనసాగించే హక్కు ఎవరికీ లేదు. అక్కడి మరలిక సంస్థ దయ మీద ఆధారపడినది. ఇక్కడిది లైసెన్స్ ఇచ్చిన హక్కు. అయితే హక్కు ఉన్నంత మాత్రాన పని జరగదు. 2013లో మాటే 1.6 బొనోబో, జీకాన్ఫ్‌ల నుంచి వచ్చిన తన భాగాలను విడిచి, గ్నోమ్ 3 వాడే ఆధునిక వ్యవస్థలకు మారింది. 2017 మార్చిలో 1.18 వెర్షన్ జీటీకే 2ను పూర్తిగా వదిలి జీటీకే 3 మీదికి వచ్చింది. గ్నోమ్ 3తో పాటు వచ్చిన లైబ్రరీ అదే. పై రూపం 2010 నాటిదే. అడుగున ఉన్న పదార్థం చాలావరకు కొత్తది.

ఇప్పుడు సమస్య మరో అంతస్తు కిందికి దిగింది. 1984లో ఎంఐటీలో పుట్టిన ఎక్స్ విండో వ్యవస్థ స్థానాన్ని వేలాండ్ ఆక్రమిస్తున్నది. 2025లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 10లో ఎక్స్ సర్వర్ లేదు. మార్కో ఎక్స్ కోసం రాసినది. ట్రినిటీ మొత్తం ఎక్స్ మీదే నిలిచి ఉన్నది. 2024 ఫిబ్రవరి నాటి మాటే 1.28 కొన్ని భాగాలను వేలాండ్‌కు సిద్ధం చేసింది. విండోలను అమర్చే పనిని వేలాండ్ మీద ఏ ప్రోగ్రామ్‌కు అప్పగించాలన్నది ఆ బృందం ముందున్న పని.