మలిన భూమికి మట్టిలోని సూక్ష్మజీవులే వైద్యులు

చంద్రపూర్ జిల్లా బొగ్గుగనులకు, థర్మల్ విద్యుత్ కేంద్రానికి, సిమెంటు, కాగితపు కర్మాగారాలకు నిలయం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో 88 పారిశ్రామిక ప్రాంతాలను పరిశీలించి ప్రకటించిన కాలుష్య సూచికలో చంద్రపూర్ 83.88 మార్కులతో నాలుగవ స్థానంలో నిలిచింది. మార్కులు పెరిగినకొద్దీ కాలుష్యం అధికమని అర్థం. ఇక్కడి ఇరయి నది వార్ధాలో కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహితయై కాళేశ్వరం వద్ద గోదావరిని చేరుతున్నది. కావున ఈ మట్టి బాగోగులు ఇరు రాష్ట్రాల సరిహద్దు గ్రామాలకూ సంబంధించినవే.

సూక్ష్మజీవులు చేసే పని

పిడికెడు సారవంతమైన మట్టిలో కోట్లాది సూక్ష్మజీవులు నివసిస్తాయి. సూడోమోనాస్ వంటి బాక్టీరియాలు డీజిల్, ఇంజన్ ఆయిల్, ఫినాల్ వంటి పదార్థాలను ఆహారంగా గ్రహించి, నీరుగా, బొగ్గుపులుసు వాయువుగా విడగొడతాయి. పుచ్చిన కర్రపై పెరిగే కొన్ని తెల్లకుళ్లు శిలీంధ్రాలు, కాగితపు మిల్లుల మురుగునీటికి ముదురు రంగునిచ్చే లిగ్నిన్‌ను సైతం ఛేదించగలవు. ఈ పనికి తేమ, గాలి, తగినంత నత్రజని, భాస్వరం అవసరం.

లోహాల సంగతి వేరు

సీసం, క్రోమియం, కాడ్మియం వంటి లోహాలను ఏ జీవీ నాశనం చేయలేదు. వాటిని మట్టిలో కదలకుండా బంధించి, మొక్కకు అందకుండా చేయడమే సాధ్యం. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు బొగ్గుగని మట్టిదిబ్బపై 10 హెక్టార్లలో ఇట్టి ప్రయోగం జరిపి, ఫలితాలను 2008లో ప్రచురించారు. హెక్టారుకు 50 టన్నుల చొప్పున శుద్ధి కేంద్రపు బురదను కలిపి, రైజోబియం, అజటోబాక్టర్, మైకోరైజా శిలీంధ్రాలతో తగిన మొక్కలను నాటారు. అంతకుముందు దాదాపు శూన్యమైన సూక్ష్మజీవులు అక్కడ వృద్ధి చెందాయి. లోహాల విషప్రభావం 34 నుండి 43 శాతం వరకు తగ్గింది.

రైతులు గమనించవలసినవి

విషప్రభావం తగ్గినంత మాత్రాన ఆ నేల కూరగాయలకు యోగ్యమని భావించరాదు. లోహాలు మట్టిలోనే ఉంటాయి. అట్టి దిబ్బలపై అటవీ వృక్షాలే శ్రేయస్కరం. కర్మాగారపు బురదను పరీక్ష లేకుండా పొలంలో వేయరాదు. దానిలోనే లోహాలు ఉండవచ్చును. జీవన ఎరువుల పొట్లం విషలోహాలను తొలగిస్తుందన్న మాటలు నమ్మదగినవి కావు.

పొలంలోకి మురుగునీరు చేరినచో తేదీ, స్థలం వ్రాసిపెట్టుకొని, చంద్రపూర్‌లోని మహారాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి లిఖితపూర్వకంగా తెలుపవలెను. సూక్ష్మజీవుల చికిత్సకు ఏండ్లు పట్టును. మురుగు ప్రవాహం ఆగనంతవరకు ఆ చికిత్స ఫలించదు.