పూస, పువ్వు, దారం



ఇవాళ మనం పూసల దండల గురించి మాట్లాడుకుందాం. సెలవు రోజుల్లో ఆడపిల్లలు ఇంట్లో కూర్చుని గుడ్డపీలికలతోనో, బంకమట్టితోనో, సన్నని రాగితీగతోనో చిన్న చిన్న పువ్వులు చేసి, మధ్యమధ్య పూసలు గుచ్చి దండలు చేసుకుంటూ వుంటారు. చూసే పెద్దలు “ఏదో కాలక్షేపంలే” అని వూరుకుంటారు. కాని పూసనీ, చేత్తో చేసిన పువ్వునీ ఒకచోట చేర్చే ఈ ముచ్చట మన తెలుగు నేల మీద రెండువేల ఏళ్ళకు పైబడినది. దానికి సాక్ష్యం భట్టిప్రోలులో దొరికింది.

భట్టిప్రోలు సంగతికి వచ్చేముందు పూస పుట్టుక కాస్త చెప్పుకోవాలి. మహారాష్ట్రలో జల్‌గావ్ జిల్లా పట్నే అనే చోట 1972-73లో తవ్వితే నిప్పుకోడి గుడ్డు పెంకుతో చేసిన పూసలు బయటపడ్డాయి. అవి సుమారు పాతికవేల ఏళ్ళనాటివి. అప్పటికి వ్యవసాయం లేదు, కుండ లేదు. అయినా పెంకుముక్కకి బెజ్జం పెట్టి అలంకరించుకోవాలనే కోరిక మాత్రం వుంది!

ఆ తర్వాత సింధులోయ నగరాలవాళ్ళు పూసల పనిలో అందెవేసిన చేతులు. సింధులోని చన్హుదారోలో 1935-36లో జరిగిన తవ్వకాల్లో పూసల కార్ఖానాయే కనిపించింది. సగం చెక్కినవి, బెజ్జం పెడుతూ వుండగా విరిగినవి, పూర్తయినవి, అన్నీ అక్కడే. కార్నీలియన్ అనే రాయిని నిప్పుల వేడిలో వుంచితే ఎర్రగా రంగు తిరుగుతుంది. దాన్ని వేలెడు పొడుగు పూసగా చెక్కి, రాతి మొనవున్న బరమాతో రెండు చివరలనుంచీ తొలిచేవారు. ఒక్క పూసకి బెజ్జం పెట్టడానికే రోజులు పట్టేది. అలాంటి పొడుగు పూసలు ఇరాక్‌లోని ఉర్ నగరపు రాజసమాధుల్లో దొరికాయి. అంటే మన ఉపఖండపు పనివాళ్ళ చేతిపని సముద్రం దాటి అక్కడి రాణుల మెడలోకి చేరిందన్నమాట.

ఇక మన భట్టిప్రోలు. ఇప్పటి బాపట్ల జిల్లాలో, రేపల్లెకు దగ్గర్లో వుంది. అక్కడి బౌద్ధ స్తూపం చాలా గొప్పది. పంతొమ్మిదో శతాబ్దంలో దాని ఇటుకలు రోడ్డు వెయ్యడానికీ, చలువరాళ్ళు వెల్లటూరు కాలువ లాకు కట్టడానికీ పట్టుకుపోయారు. అలా పోగా మిగిలినదాన్ని 1892లో అలెగ్జాండర్ రీ అనే అధికారి తవ్వించాడు. స్తూపం నడిమధ్యన రాతి భరిణెలు బయటపడ్డాయి. వాటి లోపల స్ఫటికపు చిన్న భరిణెలు, అస్థికలు, వాటితోబాటు బంగారు రేకుతో చేసిన పువ్వులు, రాగి పువ్వులు, బంగారు పూసలు, ముత్యాలు, పగడాలు, స్ఫటికం పూసలు! క్రీస్తుకు పూర్వం మూడు, రెండు శతాబ్దాల నాటివి.

ఆ బంగారు పువ్వు పని ఎలాంటిదో ఊహించండి. బంగారాన్ని పల్చని రేకుగా సాగగొట్టి, రేకలు రేకలుగా కత్తిరించాలి. బలంగా నొక్కితే చిరుగుతుంది, మెల్లిగా నొక్కితే పువ్వు తీరు రాదు. మన పిల్లలు కాగితం మడిచి కత్తిరించే పువ్వుకీ దానికీ చేతివాటంలో తేడా లేదు, సరుకులోనే తేడా.

పగడాలంటారా, వాటిలో మేలురకం మధ్యధరా సముద్రంలోది. మన దేశపు రేవుల్లో దిగుమతయ్యే సరుకుల్లో పగడం వుండేదని క్రీస్తుశకం మొదటి శతాబ్దపు నౌకాయాన గ్రంథం పెరిప్లస్ చెబుతోంది. రోమన్లకు మన ముత్యాలంటే ఎంత మోజో, మనవాళ్ళకు పగడాలంటే అంత మోజని అదే శతాబ్దంవాడైన ప్లినీ రాశాడు. ముత్యాలకు మన్నారు సింధుశాఖ పేరుపడ్డది. ఒక్క దండలో ఎన్ని సముద్రాలు కలుస్తాయో చూడండి.

నాకు అన్నిటికంటే మనసుకి హత్తుకున్నవి మాత్రం ఆ నగలు కావు, వాటితో దొరికిన అక్షరాలు. భరిణె రాతిమీద కుబీరకుడనే రాజు పేరుంది. అదలా వుంచండి. ఒక భరిణెను చేయించినవారు ఎవరంటే కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు అని చెక్కించారు. ఆవిడ సొంత పేరు లేదు, “కురుని తల్లి” అంతే! ఇవాళ మన వీధిలో మనల్ని “ఫలానావాళ్ళమ్మ” అని పిలిచినట్టే. పాపం, ఆయనా “కురుని తండ్రి”గానే మిగిలాడు లెండి. ఇక అక్కడే దొరికిన ఆరు పలకల స్ఫటికం మీద నందపురం స్త్రీల దానం గురించి సన్నని అక్షరాల్లో వుంది. రాజులూ యుద్ధాలూ తప్ప చరిత్రలో మనకేం చోటుందని కొందరు అక్కచెల్లెళ్ళు అంటూ వుంటారు. రెండువేల ఏళ్ళ క్రితం ఓ ఊరి ఆడవాళ్ళు కలిసి ఇచ్చినదానికి రాతమూలకంగా సాక్ష్యం వుంటే, చోటు లేదని ఎలా అనుకుంటాం?

ఇలాంటిదే ఉత్తరాన ఇంకొకటి. ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వా స్తూపంలో 1898లో పెప్పే అనే తెల్లదొర బుద్ధుని అస్థికల పాత్రలు తవ్వితీశాడు. వాటితో బంగారు పువ్వులు, రత్నాలు, ముత్యాలు, పూసలు కుప్పలుగా వచ్చాయి. సుకితి సోదరులు, తమ అక్కచెల్లెళ్ళు, కొడుకులు, భార్యలతో కలిసి వీటిని వుంచారని పాత్రమీద రాసి వుంది. చాలాభాగం కలకత్తా మ్యూజియానికి పోగా కొంత పెప్పే దగ్గర మిగిలింది. ఆ వాటా 2025 మే నెలలో హాంగ్‌కాంగ్‌లో వేలానికి పెట్టారు. భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో వేలం ఆగింది. అదే సంవత్సరం జులైలో అవి మన దేశానికి తిరిగి వచ్చాయి. ఆడవాళ్ళూ మగవాళ్ళూ భక్తితో ఇచ్చి భూమిలో దాచినదానికి బజార్లో ధర కట్టవచ్చునా అన్నది అప్పుడు ప్రపంచమంతా అడిగిన ప్రశ్న.

రాయి మిగులుతుంది, బంగారం మిగులుతుంది. మిగలనిది దారం. నూలుదారం మట్టిలో కుళ్ళిపోతుంది. అందుకే పాత దండలు మనకు విడి పూసలుగానే దొరుకుతాయి. మట్టిలో ఏ పూస పక్కన ఏ పూస వుందో కదపకుండా గుర్తించి రాసుకుంటే దండ వరస తిరిగి తెలుస్తుంది. నిధి కోసం గునపంతో పొడిచేవాడికి పూసలు దక్కుతాయి గాని, ఆ వరస మనకెవరికీ దక్కదు.

గాజుపూస కథా మన దగ్గరే వుంది. తిరుపతి జిల్లా ఏర్పేడు దగ్గర పాపానాయుడుపేటలో కరిగిన గాజును లోపల గుల్లగా వుండేట్టు పొడుగ్గా గొట్టంలా లాగి, చిన్న ముక్కలు కోసి, మళ్ళీ వేడిచేసి అంచులు నున్నగా చేసే పాతపద్ధతి ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా నిలిచింది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో రెండువేల ఏళ్ళ క్రితం పూసలు చేసిన తీరుకు అది వారసత్వం అని అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ వివరంగా రాశాడు.

ఇక ఇంట్లో దండ గుచ్చుకునేవారికి రెండు మాటలు. మట్టిపువ్వుకి పచ్చిగా వుండగానే సూదితో బెజ్జం పెట్టండి. ఆరాక పెడితే పగులుతుంది. పళ్ళెంలో గుడ్డ పరిచి, పెద్ద పువ్వు నడుమ, చిన్నవి అటూ ఇటూ పేర్చి చూసుకున్నాకే సూది పట్టండి. పూసకీ పూసకీ మధ్య ముడి వెయ్యండి. దారం ఎక్కడ తెగినా ఒక్క పూసే జారుతుంది, మిగిలినవి నిలుస్తాయి. ముళ్ళకు దారం ఎక్కువ పడుతుంది కాబట్టి దండ పొడుగుకు రెట్టింపు పైనే తీసుకోండి.

మరొక్క మనవి. అమ్మమ్మలనాటి గుండ్లపేరో, పగడాల పేరో, మొగ్గల గొలుసో పాతదైపోయిందని కరిగించే ముందు ఒక ఫోటో తీసి, అది ఎవరిది, ఏ వూళ్ళో చేయించారు, ఏ పూస పక్కన ఏ పూస వుంది అన్నది ఒక కాగితం మీద పూసగుచ్చినట్టు రాసిపెట్టండి. రాసేటప్పుడు “ఫలానావాళ్ళ అమ్మమ్మ” అని వదిలెయ్యకండి. ఆవిడ పేరు కూడా రాయండి.